సేఫ్టీ జాకెట్‌కి జరీ అంచు

ఆ రోజుల్లో నాకు ఒంటిమీద యూనిఫాం, మెడలో విజిల్ ఉంటే లోకమంతా నా మాట వింటుందన్న నమ్మకం ఉండేది. (ఇంట్లో మా అమ్మ వినేది కాదు, అది వేరే సంగతి.) సూరత్‌లో మరమగ్గాల చప్పుడు మధ్య, తెలంగాణ నుంచి వలసొచ్చినవాళ్లుండే లింబాయత్ సందుల్లో పెరిగినవాణ్ణి. మొదటి ఉద్యోగం ఊళ్లోనే ఓ పాత కోటలో దొరికింది. జనం టికెట్ కొనుక్కుని చూసిపోయే కోట. ఏ బండిని లోపలికి వదలాలో, దేన్ని బయటే ఆపాలో చూసుకోవడం నా పని. అప్పటికే అక్కడ ఊడ్చే పనిలో ఉన్న మా పెద్దమ్మే ఆ ఉద్యోగం ఇప్పించింది. "మావోడు మంచోడే సాబ్, జర కోపమెక్కువ" అని సిఫారసు చేసిందట. గేటు దగ్గర కోపం పనికొస్తుందనుకున్నారో ఏమో, పెట్టుకున్నారు.

చలికాలం పొద్దున్నే, జనం రాకముందు, మొక్కలకు నీళ్ల ట్యాంకర్ వచ్చేది. లోపల తిరగడానికి చోటు చాలక, కోట ద్వారం కిందుగా వెనక్కి నడుపుకుంటూ వెళ్లేది. ఆ కమాను కింద ఎప్పుడూ చీకటే. పెద్దమ్మ వంగి ఊడ్చేదీ అక్కడే. ఒకరోజు ట్యాంకర్ చక్రం ఆమె చీపురు మీదుగా పోయింది. ఆమె గోడకు అతుక్కుపోయి బతికింది. చీపురు విరిగినందుకు డ్రైవర్‌ను నోరారా తిట్టింది గానీ, ఆ రోజు మళ్లీ ఆ కమాను కిందికి పోలేదు. నాకు భయమేసింది.

మా ఆఫీసరు వెంటనే ఊడ్చే ఆడవాళ్లందరికీ సేఫ్టీ జాకెట్లు తెప్పించాడు. చిలకపచ్చ రంగు, లైటు పడితే మెరిసే బూడిదరంగు పట్టీలు. ఒక్కరూ తొడుక్కోలేదు. "గిదేసుకుంటె మంచిగుండదు బిడ్డా. ఫోటోలు దిగనీకి వచ్చెటోళ్లు నవ్వుతరు" అంది పెద్దమ్మ. బతిమాలాను, అలిగాను, విజిల్ కూడా ఊదాను. చివరికి ఇంటికెళ్లి అమ్మ దగ్గర మొరపెట్టుకున్నాను. మా సందులో చాలామంది ఆడవాళ్లలాగే అమ్మ ఇంట్లో కూర్చుని చీరలకు అంచులు కుట్టేది. "ఇటు తే. మా అక్క సంగతి నాకెర్క లేదా?" అంది.

జాకెట్లన్నిటికీ మామిడిపిందెల జరీ అంచులు పడ్డాయి. పెద్దమ్మ తొడుక్కుంది, ఆమెను చూసి అందరూ తొడుక్కున్నారు. పెళ్లి ఫోటోలకు వచ్చిన ఓ గుజరాతీ అమ్మాయి, "మాసీ, ఎక్కడ కొన్నారు?" అని అడిగింది. ఆ రోజు పెద్దమ్మ ఊడ్చిన చోటే మళ్లీ ఊడ్చిందని నా అనుమానం.

ఆ అంచులు ఆఫీసరు కంటపడనే పడ్డాయి. ట్యాంకర్‌ను కమాను కిందికి రప్పించి, పెద్దమ్మను దాని వెనక నిలబెట్టి రివర్స్ లైటు వేయించాడు. పట్టీ మెరవలేదు. అమ్మ అంచులు కుట్టింది సరిగ్గా ఆ పట్టీల మీదే. ("గా బూడిద గుడ్డ పాడుగున్నదని కప్పిన" అని తరవాత తాపీగా చెప్పింది.) "బాగున్నారు మాసీ, కానీ కనబడటం లేదు" అన్నాడు ఆఫీసరు. పాపం, ఆయన తప్పేం లేదు.

అంచులు విప్పే పని నాకు పడింది. గేటు పక్కన కూర్చుని బ్లేడుతో కోస్తుంటే, పెద్దమ్మ వచ్చి కింద పడ్డ జరీ ముక్కల్ని ఊడ్చుకుపోయింది. మర్నాటినుంచి ఆ బోడి జాకెట్‌నే రోజూ వేసుకుంది. తిట్టినా బాగుండేది.

ఆ బాధలో నా బుర్ర కాస్త పనిచేసింది. బండ్లను ఆపే ఉద్యోగం నాదైనప్పుడు, బండికి కనబడాల్సిన పూచీ పెద్దమ్మకెందుకు? ఆఫీసరును అడిగి ద్వారానికి గొలుసు కట్టించాను. పెద్దమ్మ ఊడ్చి, బయటికొచ్చి చీపురు పైకెత్తితేనే గొలుసు దించేవాణ్ణి. డ్రైవర్లు హారన్లు మోగించి, "మేడమ్ ఆర్డరు అయిందా?" అని వెక్కిరించి, నెమ్మదిగా అలవాటుపడ్డారు. ఆ తరవాత పట్టీ మెరిసిందా లేదా అని ఎవరూ చూడలేదు. ఆ గొలుసేదో ముందే కట్టించి ఉంటే ఆ అంచులు ఉండిపోయేవి కదా అని ఇప్పటికీ మనసు పీకుతుంది.

ఇప్పుడు ఆ గేటుకు నేనే ఇన్‌చార్జిని. మోకాళ్ల నొప్పులతో పెద్దమ్మ పని మానేసి, సూరత్ దగ్గరే ఉన్న కిమ్‌లో కూతురి దగ్గర ఉంటోంది. ఈమధ్య కొత్త జాకెట్లు వస్తే, కొత్తవాళ్లూ మొహం ముడుచుకున్నారు. అమ్మకిచ్చి, "పట్టీ మీద కాదమ్మా, కింద కుట్టు" అన్నాను. ఇంత చిన్న మాట అప్పుడు మాలో ఎవరికీ తట్టలేదు.

ఒకటి ఎక్కువ కుట్టించి కిమ్ తీసుకెళ్లాను. పెద్దమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, చీర మీదే తొడుక్కుని, వాకిట్లో కుర్చీలో కూర్చుంది. "గిప్పుడు నన్ను గుద్దె బండి యాడున్నదిరా?" అంది. విప్పమంటే మాత్రం విప్పలేదు. నేను సెలవు తీసుకుని బయల్దేరాను. సందు మలుపులో తిరిగి చూశాను. మునిమాపు వేళ, ఎవరిదో బైకు లైటు ఆమె మీద పడింది. పట్టీ మెరిసింది, దానికింద అంచూ మెరిసింది. ఆ బైకును ఇంకాసేపు అక్కడే ఆపుదామని, మెడలో లేని విజిల్ కోసం నా చెయ్యి వెతుక్కుంది.