తలుపు కింద తడి తువాలు

గల్ఫ్ యుద్ధం మొదలవుతుందనగా మా ఆవిడ సుజాతను కరీంనగర్ పంపించి, సౌదీలో జుబైల్ క్వార్టర్లో ఒక్కడినే ఉండిపోయాను. సైరన్ మోగితే బాత్రూంలో దూరి, విషవాయువు రాకుండా తలుపు కింద తడి తువాలు కుక్కి కూర్చునేవాణ్ణి. పలకరించే మనిషి లేడు. ఫోన్లో మాత్రం ఆమెతో "ఇక్కడంతా బాగానే ఉంది" అనేవాణ్ణి.

యుద్ధం ముగిసి ఆమె తిరిగొచ్చాక, సెలవు పెట్టి ఇంగ్లండ్ వెళ్లాం. అద్దె కారులో బాత్, ఆక్స్‌ఫర్డ్ చూసుకుంటూ యార్క్ చేరాం. ప్రతి మలుపులో "ఎడమకు పోనియ్యండి, ఇది సౌదీ కాదు!" అంటూ ఆమె ఒకటే నవ్వు.

యార్క్ హోటల్లో పొద్దున తయారవుతుండగా సైరన్ మోగింది. నేను ఆమెను బాత్రూంలోకి లాగి, గడియపెట్టి, తువాలు తడిపి తలుపు కింద కుక్కాను.

"ఏం చేస్తున్నరు? ఏమన్న అంటుకున్నదేమో! అందరు బయటికి ఉరుకుతున్నరు!" అని ఆమె గడియ తీయబోతే అడ్డం నిలబడ్డాను. హోటల్ మనిషి గదిలోకి వచ్చి తలుపు బాదితే గాని నాకు తెలివి రాలేదు. వంటగదిలో ఏదో మాడిందట. తువాలు నీళ్లు చిందిన తడి బట్టలతో మేం కిందికి దిగేసరికి అందరూ మమ్మల్నే చూస్తున్నారు.

ఆ రోజు కారులో ఆమెకు జుబైల్ తువాలు సంగతి చెప్పాను. ఆ తర్వాత ఆమె నవ్వలేదు.

జుబైల్ చేరగానే సుజాత పెట్టె కూడా విప్పకుండా బాత్రూంలోకి వెళ్లి గడియపెట్టుకుంది. నీళ్ల చప్పుడు లేదు. చాలాసేపటికి లోపలి నుంచి, "ఒక్కరే ఎట్ల కూసున్నరండీ ఇండ్ల?" అంది.

నేను బయట తలుపుకు ఆనుకుని నేలమీద కూర్చున్నాను. యుద్ధం జరిగినన్నాళ్లూ ఆ తలుపు దగ్గర నేను ఎదురుచూసిన గొంతు అదే.