బాలనర్సయ్య తీసిన కొలత

ఫిలింనగర్‌లో బాలనర్సయ్య ముప్పై ఏళ్లుగా సినిమావాళ్లకు విగ్గులు కడుతున్నాడు. ఒక్కో వెంట్రుకనూ సన్నటి వలలాంటి జాలీ మీద ఓపిగ్గా ముడివేస్తాడు. తన నెత్తిమీదా విగ్గే. అది లేకుండా ఆయన్ని బయటివాళ్లెవరూ చూడలేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే కూతురు ఉదయశ్రీ, క్యాన్సర్ మందులకు జుట్టు ఊడినవాళ్ల కోసం విగ్గుకు తలకొలత తీసుకోవడం మీద ఆయనచేత మొదటి వెబినార్ పెట్టించింది. పదకొండుమంది చేరారు. తెరమీద అన్నీ నల్లటి గడులే, ఒక్కరి ముఖమూ కనబడలేదు.

“కెమెరాలు ఆన్ చెయ్యుమను బాపూ. కొలత ఎట్ల నేర్పుతవ్?”

“వద్దు బిడ్డా, వాళ్లను తిప్పలు వెట్టకు.”

ఆయన తన విగ్గు మెల్లగా తీసి బల్లమీద పెట్టాడు. బోడితల చుట్టూ టేపు తిప్పి, “చెవుల పైనుంచి గిట్ల పట్టాలమ్మా” అన్నాడు. కాసేపటికి తెరమీద ఒక నల్లటి గడి వెలిగింది. అందులో ఒకామె తలమీది కొంగు తీసి, టేపు చుట్టుకుని అడిగింది.

“గిట్లనేనా అన్నా?”