చిన్నత్త విన్న హత్య కథ

మా చిన్నత్త తమిళనాడులోని కోవిల్‌పట్టిలో అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పనిచేసేది. చూపు పోయాక, తనకిష్టమైన తమిళ టీవీ సీరియల్ ఆధారంగా వచ్చిన హత్య నవలను నా ఫోన్‌లో వినేది. కథలో ఏదైనా నచ్చకపోతే అరచెయ్యి ఎత్తి, "నిలుపురా" అనేది.

ఒకరోజు ఇద్దరం విరుదునగర్‌లో కంటి డాక్టరు దగ్గరికి బస్సులో పోతున్నాం. నవలలో ఇన్‌స్పెక్టరమ్మ ఒక పనిమనిషి చేత, నేరం ఒప్పుకున్నట్టు రాసిన కాగితం మీద వేలిముద్ర వేయించింది. అత్త ఇయర్‌ఫోన్లు పీకేసింది.

"టీవీలో ఈయమ్మ ఇట్ల చేసేది కాదురా. చదువు రానిదానికి ఆ కాగితం చదివి చెప్పొద్దా?"

"కథే కదత్తా," అన్నాను.

"ఏం కథ? మా ఫ్యాక్టరీలో నిప్పంటుకొని ఇద్దరు ఆడోళ్లు సచ్చిరి. తప్పంతా నాదని రాసి, జీతం కాగితమని అబద్దం చెప్పి, నా వేలు పట్టి ముద్ర వేయించినాడు సూపర్‌వైజరు. మర్నాడే పనిలోంచి తీసేసిరి."

ఈ సంగతి మా ఇంట్లో ఎవరికీ తెలియదు. నాకు ఒళ్లు మండిపోయింది. అత్త గొంతు బస్సంతా వినిపిస్తున్నా, మెల్లగా మాట్లాడమని అనలేకపోయాను.

అత్త ముందు సీటు కమ్మీ పట్టుకుని లేచి నిలబడింది. ఆ సూపర్‌వైజరు పేరు, ఊరు చేర్చి, జరిగిందంతా మళ్లీ మొదటినుంచి తమిళంలో చెప్పింది, బస్సులో అందరికీ అర్థమయ్యేలా.