లారీ ట్యూబు మీద వల దాకా

నేనెప్పుడూ ఏమీ రాయలేదు, తప్పులుంటే ఏమనుకోవద్దు. ఈ సంగతి మాత్రం చెప్పుకోవాలని ఉంది.

పాకాల దగ్గర మా ఊరి చిన్న డ్యాములో మా ఆయన చేపలు పట్టేవాడు. లారీ ట్యూబు మీద కూర్చుని, చేతులతో నీళ్లు నెట్టుకుంటూ పోయి సాయంత్రం వల కట్టేవాడు. తెల్లారి తీసేవాడు. ఒకసారి వల కట్టొచ్చిన రాత్రే ఆయనకు చలిజ్వరం పట్టుకుంది. పొద్దెక్కితే వలలో చేపలు చచ్చి కుళ్లిపోతాయి. అందుకే ట్యూబు ఎత్తుకుని నేనే పోయాను. బావిలో ఈత నేర్చినదాన్నే గానీ డ్యాములో ఎప్పుడూ దిగలేదు.

భయంతో ఒక చేత్తో ట్యూబు గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో నీళ్లు నెట్టాను. ట్యూబు ముందుకు పోకుండా ఉన్నచోటే గిర్రున తిరిగింది. కట్ట మీద గొర్రెలు మేపుతున్న మా పక్కింటాయన పడీపడీ నవ్వాడు.

"ఏం వొదినా, ఇసుర్రాయి తిప్పతా ఉండావా?"

"రాగులు తెచ్చి పొయ్యప్పా, పిండి ఇసిరి పెడతాను!"

అలా అన్నాను గానీ నాకు ఏడుపొచ్చింది. మా ఆయన రెండు చేతులూ ఆడించేది అప్పుడు గుర్తొచ్చింది. కళ్లు గట్టిగా మూసుకుని, ట్యూబును పట్టుకున్న చెయ్యి వదిలాను. రెండు చేతులతో నెడితే అది తిన్నగా వల దగ్గరికి పోయింది.

వల విప్పి చేపలతోనే ఎత్తుకుని ఇంటికొచ్చేసరికి జిలేబి చేపలు అందులో ఇంకా కొట్టుకుంటూనే ఉన్నాయి. మా ఆయన దుప్పట్లోంచి తల బయటపెట్టి చూశాడు.

"ఎవురు తీసిచ్చినారు మే?"

"ఎవురూ లేదు, నేనే తీసినాను" అన్నాను. పక్కింటి దాకా వినబడేటట్టే అన్నాను.