మూడో బెంచీ

మా కామర్స్ సార్ పోయారని సోమవారం బ్యాంకు తెరిచిన కాసేపటికే చిత్తూరు నుంచి ఫోను వచ్చింది. తిరుపతిలో మా బ్రాంచికి విదేశాల నుంచి వచ్చే సొమ్ము చూసేది నేనే. ఎదురుగా కంప్యూటరులో ఆయన పేరే ఉంది. పక్కన 'పరిశీలనలో ఉంది' అని ఉంది. తొమ్మిది రోజులుగా అదే మాట.

ఇంటర్లో ఆయన పాఠం చెప్పే తీరు మీకు చెప్పాలి. మొదటి బెంచీ మన దేశం, రెండోది శ్రీలంక, మూడోది డాలరు దేశం. సంచిలోంచి మామిడి తాండ్ర తీసి మొదటి బెంచీకి ఇచ్చేవారు. రెండో బెంచీవాళ్లు దాన్ని కొనాలి. డబ్బుకు బదులు క్యాలెండరు నుంచి చించిన తేదీ కాగితం. అది ముందు మూడో బెంచీకి రావాలి, అక్కడ ఒక అంచు చించుకుని మొదటి బెంచీకి పంపాలి. నాలుగుసార్లు తిరిగేసరికి కాగితం బొటనవేలంత మిగిలేది. మూడో బెంచీలో కూర్చునేది నేను. చించడం నాకు మహా సరదా.

"పక్కపక్కనే ఉండారు గదప్పా, చేతికి చెయ్యి అందుతాది. వీని కాడికి ఎందుకు పోవాల? ఇరుగు పొరుగు దేశాలు కలిసి ఒకే నోటు అచ్చేసుకుంటే సరిపోదా?" అనేవారు. నోటు మీద ఎవరి బొమ్మ వెయ్యాలి సార్ అని ఒకడు అడిగితే, "మామిడికాయ ఏద్దాం. ఇద్దురూ తింటారు" అన్నారు. ఒకరింట్లో అప్పు పెరిగితే రెండో ఇల్లూ మునుగుతుందని, అదంత సులభం కాదని కూడా ఆయనే చెప్పారు. తనకు నచ్చిన మాటలోని లొసుగు కూడా దాచేవారు కాదు. నా ఉద్యోగం ఇంటర్వ్యూలో నేను చెప్పింది ఆ బెంచీల పాఠమే. ఈ సీటు ఆయన పెట్టిన భిక్ష.

ఆయన గుండె ఆపరేషనుకని కొలంబోలో బట్టల కొట్టు నడిపే తమ్ముడు డబ్బు పంపాడు. అక్కడి రూపాయలు డాలర్లయి, ఇంకేదో దేశంలో ఒక బ్యాంకు దాకా పోయి ఆగిపోయాయి. ఎందుకు ఆపారో చెప్పరు. ఆ బ్యాంకుకు రోజూ రాసేవాణ్ణి. చూస్తున్నాం అని జవాబు వచ్చేది. నా చేతిలో ఏమీ లేదు. ఆ మాట పైకి అనడానికి కూడా సిగ్గేసేది.

పోయే ముందు గురువారం ఆయనే బస్సెక్కి బ్యాంకుకు వచ్చారు. మెట్ల దగ్గర ఆయాసపడుతూ గోడ పట్టుకుని నిలబడ్డారు. మీ స్టూడెంట్లం తలా ఇంత వేసుకుంటాం, ఆపరేషను చేయించుకోండి సార్, అన్నాను.

"నా తమ్ముడు పంపించినాడప్పా. దుడ్లు ఉండాయి, దోవలో ఉండాయి. ఉన్నోడు చందా తీసుకుంటాడా?" అన్నారు. నేను తల దించుకుంటే నవ్వి, "నువ్వేం సేస్తావులే. అప్పుడూ మూడో బెంచీనే గదా" అన్నారు.

ఎగతాళి కాదు, ఓదార్చడానికే అన్నారు. అయినా గుచ్చుకుంది. బలవంతంగానైనా ఆటో ఎక్కించి ఆసుపత్రికి తీసుకుపోవాల్సింది. తీసుకుపోలేదు. చిత్తూరు బస్సు ఎక్కించి వచ్చి నా సీట్లో కూర్చున్నాను.

ఆయన పోయాక, బుధవారం డబ్బు వచ్చింది, దారిలో కోతలు పోగా. చిత్తూరు వెళ్లి సార్ భార్యకు చెప్పాను.

"ఈ దుడ్లు నాకెందుకు నాయనా? మా మరిది కష్టం అది. ఆయనకే పంపించెయ్" అన్నారు.

నిన్న ఆమె సంతకం పెట్టిన కాగితం నా బల్ల మీదికి వచ్చింది. పంపాల్సింది నేనే. ఆ రూపాయలు మళ్లీ డాలర్లు కావాలి, మళ్లీ ఆ బ్యాంకుకే పోవాలి. పక్క బెంచీకి చేరడానికి మాకు వేరే దారి లేదు. పంపేశాను. బొటనవేలంత మిగిలిన ఆ తేదీ కాగితం ఇంకో అంచు చిరగడానికి మూడో బెంచీకి బయలుదేరింది.