పెద్దవ్వ వంతు

మొన్న మా చిన్నమ్మాయి ఫోన్ చేసి, నాలుగో నెల నడుస్తోందనీ, పళ్లు తోముకుంటే నెత్తురు వస్తోందనీ, సాయంత్రం పళ్ల డాక్టరు దగ్గరికి పోతున్నాననీ చెప్పి, అదే గొంతుతో టమాటల ధర అడిగింది. ఇంత తేలికగా చెప్పిన మాటను మా ఇంట్లో ఇన్ని తరాలు ఎవరూ పైకి చెప్పలేదు. నా తర్వాత తెలిసినవారు కూడా మిగలరు గనుక రాసిపెడుతున్నాను.

మా అమ్మ వైపు ఆడవాళ్లంతా కొంగు అడ్డం పెట్టుకుని నవ్వేవారు. చూసినవాళ్లు సిగ్గనుకునేవారు. కడుపుతో ఉంటే మావాళ్ల చిగుళ్లు ఉబ్బి నెత్తురు కారేవి, ముందు పన్ను కదిలి ఊడేది. ఎప్పుడో కాన్పులో పోయిన పెద్దవ్వ ఆ పన్నును తన వంతుగా తీసుకుపోతుందని నమ్మకం. ఆమెకు కోపం రాకూడదని, నెల తప్పిన నాటి నుంచి వేపపుల్ల ముట్టనివ్వరు, పసుపు నీళ్లు పుక్కిలించడమే. కోడళ్లకు ఈ కట్టుబాటు లేదు. తన కడుపున పుట్టినవారి జోలికే ఆమె వస్తుందట.

తెలంగాణ వచ్చిన మరుసటి ఏడు పెద్దమ్మాయి తొలి కాన్పుకు తిరుమలగిరిలోని మా ఇంటికి వచ్చింది. ఒకనాడు వాకిట్లో జామపండు కొరికితే, కొరికినచోట తెల్లని గుజ్జు ఎర్రబడింది. పక్కన బియ్యం ఏరుతున్న మా అమ్మ తలైనా ఎత్తకుండా, "ఒచ్చింది బిడ్డా. పెద్దవ్వ ఒచ్చింది" అంది. నేను కడుపుతో ఉన్నప్పుడు మా అమ్మమ్మ అన్న మాట అదే, సాగదీసిన తీరూ అదే.

తర్వాత పిల్లకు దవడ వాచి జ్వరం పట్టుకుంది. గంజి కూడా మింగలేకపోయేది, కడుపులో బిడ్డ మునుపటిలా కదలడం లేదని ఏడ్చేది. నా చదువు ఏడో తరగతితో ఆగినా, కుట్టుపని అయ్యాక గ్రంథాలయంలో కూర్చుని చేతికందినవన్నీ చదివినదాన్ని. ఆ రోజు నోటి జబ్బుల పుస్తకం అడిగి తీసుకున్నాను. గర్భిణులకు చిగుళ్లు ఉబ్బడం, పళ్లకు పట్టిన పాచితో అది ముదరడం, కొన్ని కుటుంబాలలో ఆ బలహీనత రక్తంలోనే దిగి రావడం, అందుకే శుభ్రం చేయడం మానకూడదనడం, అన్నీ అందులో ఉన్నాయి. అవ్వలు చెప్పింది అబద్ధం కాదు. కడుపున పుట్టినవాళ్లను వెతుక్కుంటూ వచ్చేది ఒకటి నిజంగానే ఉంది. పుల్ల మాన్పించి దానికి మేమే తిండి పెట్టాం.

ఇంటికొచ్చి చెబితే, "నీ పుస్తకంల పెద్దవ్వ పేరున్నదానే?" అని అమ్మ ఎత్తిపొడిచింది.

"పేరు లేదు గని అమ్మా, ఆమె చేసే పనంత ఉన్నది."

అయినా అమ్మ లేచి మాతోపాటు మా మరిది ఆటో ఎక్కింది. దవాఖానలో డాక్టరమ్మ పిల్ల నోరు చూసి, ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది. నేను జవాబిచ్చేలోపే అమ్మ కొంగు దించి నోరు తెరిచింది. పుట్టి బుద్ధెరిగాక మా అమ్మ నోరు నేను చూడటం అదే మొదలు. నా ముందు పన్ను ఊడినచోటే ఆమెకూ ఖాళీ.

చిగుళ్లు శుభ్రం చేసి మందులిచ్చారు, జ్వరం దిగింది, నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. పెద్దమ్మాయి పన్ను ఊడలేదు. అందరం సంబురపడుతుంటే అమ్మ నా చెవిలో, "ఇగ గామె యాడికి పోతదే?" అంది.

పుస్తకం వెతికిచ్చిన గ్రంథాలయం అక్కకు, డాక్టరమ్మకు, ఆటో తోలిన మా మరిదికి, ఇప్పుడు లేని మా అమ్మకు దండాలు. ఈనాడు మా ఇంటి ఆడపిల్లలు నోరారా నవ్వుతున్నారు, పెద్దవ్వను ఎవరూ తలచుకోరు. మంచిదే. కానీ ఆమె ఎటూ పోలేదని, పలకరించేవారు లేక మా నెత్తుట్లోనే చప్పుడు చేయకుండా కూర్చుందని ఎరిగినదాన్ని నేనొక్కదాన్నే మిగిలాను.