పేలని తూటాకు ఒక నిమిషం

ఎన్నికల కోడ్ వచ్చిన మూడో రోజున, మార్చి నెలలో, నన్ను మార్కాపురం నుంచి యర్రగొండపాలెం వైపు అడవి అంచున ఉన్న ఒక పోలీస్ స్టేషన్‌కు డ్యూటీ మీద పంపారు. నేను ఆర్మరర్‌ని. హోదా హెడ్ కానిస్టేబుల్. పని మాత్రం తుపాకులు విప్పి, తుడిచి, పనికొస్తాయో రావో రాసివ్వడం. ఎన్నికల కాలంలో లైసెన్స్ ఉన్నవాళ్లు తుపాకీని, తూటాలను స్టేషన్‌లో అప్పజెప్పాలి. కౌంటింగ్ ముగిశాక తిరిగి తీసుకుపోవచ్చు. మధ్యలో వాటిని పరీక్షించడం నా వంతు.

తుపాకులతో ఏనాడూ చిక్కు లేదు. చిక్కంతా మనుషులతోనే.

తిరుపాలయ్య అనే రైతు దగ్గర ఒంటి గొట్టం తుపాకీ ఉంది. పందుల నుంచి పైరు కాపాడుకోవడానికి ఇచ్చిన లైసెన్స్. తుపాకీ బాగానే ఉంది. తువ్వాలు మూట విప్పి బల్ల మీద పెట్టిన తూటాలు చూసి మాత్రం నా ప్రాణం ఉసూరుమంది. అట్ట గొట్టం తూటాలు, వాళ్ల నాయన కొన్నవి. చెమ్మకు ఉబ్బి, అడుగున మందు అంటించే రాగి టోపీలు పచ్చబడ్డాయి. లైసెన్స్ పుస్తకంలో ఏడు. మూటలో ఆరే ఉన్నాయి.

"ఏడోది పంది మీద కాల్చినా అల్లుడా. ఖాళీ గొట్టం చేన్లో యాడనో పడిపాయ," అన్నాడు.

ఇవి నాశనం చేయాల్సిన సరుకు, సంతకం పెట్టి ఇచ్చెయ్యి మామా అన్నాను. కుదరదన్నాడు. ఏటా కందిచేను మీద ఒక టర్కీ కోడి పడుతోందట. ఊళ్లో మరియమ్మ అనే ఆమె క్రిస్మస్ బేరానికి టర్కీలు పెంచుతుంది. అందులో ఒకటి కత్తికి దొరక్కుండా కొండకెక్కి అడవి పక్షి అయిపోయిందట.

"పదైదేండ్ల నుంచి అదే కోడి. అదే నడక, అదే పొగరు. నాకు తెలీదా?"

అప్పటికప్పుడు పశువుల డాక్టరుకు ఫోన్ చేసి తెలుసుకున్న సంగతి చెప్పాను. టర్కీ దొడ్లో జాగ్రత్తగా పెంచితే పదేళ్లు బతకడం గొప్ప. కొండ మీద అయితే మూడు నాలుగేళ్లలో నక్క పాలు. తిరుపాలయ్య నన్ను జాలిగా చూసినాడు. డాక్టరు ఆ కోడిని చూడలేదు గదా అన్నాడు.

సరే, కోడిని వదిలేసి అసలు సంగతి అడిగాను. ఈ తూటా పేలకపోతే ఏం చేస్తావు?

"ఏం జేస్తా? తుపాకీ తిప్పి గొట్టంలోకి తొంగి చూస్తా. లోపల ఏమయిందో తెలియొద్దా?"

నేను టీ గ్లాసు కింద పెట్టేశాను. మా వృత్తిలో మొదటి రోజు నేర్పే పాఠం ఇది. ట్రిగ్గర్ నొక్కితే టిక్కుమని ఊరుకుంటే, మందు లోపల రాజుకుంటూ ఉండి కొన్ని సెకన్ల తర్వాత పేలవచ్చు. దాన్ని హ్యాంగ్‌ఫైర్ అంటాం. కాబట్టి గొట్టం ఎవరూ లేని వైపు ఉంచి, ఒక నిమిషం లెక్కపెట్టి, అప్పుడు తుపాకీని మడత దగ్గర విరిచి తూటా తీయాలి. ఇదే చెప్పాను. నాలుగుసార్లు చెప్పాను.

"నిమిషమేందిలే అల్లుడా, కోడి నిలబడతాదా నిమిషం?" అని నవ్వినాడు.

అప్పుడు నాలోని పాత జబ్బు పైకి లేచింది. కథలు కట్టడం. గిద్దలూరు పక్కన ఒకాయన ఇలాంటి తూటానే కాల్చబోతే పేలలేదని, తుపాకీ తెచ్చి గోడకు తగిలించాడని, సరిగ్గా రెండు రోజులకు, ఇంటిల్లిపాదీ అన్నాలకు కూర్చున్న వేళ, అది దానంతటదే పేలి అటక మీది ఆవకాయ జాడీని, మిద్దె మీది డిష్‌ను ఒకే దెబ్బకు కూల్చిందని చెప్పాను.

తిరుపాలయ్య ముఖం మారింది. "ఆవకాయ మొత్తం పాయనా?"

"సగం మిగిలింది," అన్నాను, నమ్మకం కుదరడానికి.

ఆరు తూటాలకూ సంతకం పెట్టినాడు. నేను సంతోషంగా మార్కాపురం బస్సెక్కాను.

డిసెంబరులో ఆ స్టేషన్ ఎస్సై ఫోన్ చేశాడు. "ఏందయ్యా నీ రెండు రోజుల ముచ్చట? ఇక్కడ కొండదారి మూసేసినారు. నువ్వొచ్చి తీస్తావా, నీ మీద రాసేదా?"

వెళ్లి చూస్తే కందిచేను గట్టు మీద తిరుపాలయ్య, తల మీద తువ్వాలుతో. ముందర బండరాయి మీద తుపాకీ, గొట్టం కొండవైపు. అటూ ఇటూ కర్రలకు ఎర్రగుడ్డలు. దాచుకున్న ఏడో తూటాను ముందురోజు పొద్దున ఆ కోడి మీద కాల్చబోతే టిక్కుమన్నదట. అప్పటి నుంచి కాపలా. గొర్రెలవాళ్లు చుట్టు తిరిగిపోతూ నా వంశాన్ని తలుచుకుంటున్నారు.

గొట్టానికి పది గజాల ముందు టర్కీ తీరిగ్గా కందికాయ ఒలుచుకు తింటోంది.

"అది నా పోయినేటి కోడి సారూ! దానికి పదైదేండ్లు గాదు, పదైదు నెల్లు," అని దూరం నుంచి జొన్నగింజలు చల్లుతూ మరియమ్మ మొత్తుకుంది. "ఏటేటా ఒకటి తప్పించుకపోతాది, ఏటేటా నక్క తింటాది. తిరుపాలన్నకు అన్నీ ఒకటే కోడి. పండగ బేరం ఉండాది, పోయి పట్టుకుందామంటే అడుగు ఏయనీడు!"

"రేపు పొద్దున దాంకా ఎవురూ పోగూడదు," అన్నాడు తిరుపాలయ్య. "రెండు రోజులు కావాల గదా!"

నేను తుపాకీ దగ్గరకు నడిస్తే నా చేయి పట్టుకుని వెనక్కి లాగినాడు. నా ప్రాణం కోసం. ఎస్సై, ఊరిజనం, మరియమ్మ, అందరి ముందు చెప్పక తప్పలేదు. అబద్ధం చెప్పాను మామా అన్నాను. వెనక నుంచి వచ్చి తుపాకీ విరిచి తూటా తీశాను. టోపీ నొక్కుకుంది, మందు గడ్డకట్టి చచ్చిపోయింది. నీళ్ల డబ్బాలో వేశాను.

తిరుపాలయ్య నీళ్ల డబ్బాలోకి తొంగి చూసినాడు. తర్వాత అడిగినాడు.

"అయితే జాడీ?"

"అబద్ధం."

"రెండు రోజులు?"

"అదీ అబద్ధమే."

"ఆ ఒక్క నిమిషం?"

"అది నిజం మామా. అదొక్కటీ నిజం."

ఆయన మరియమ్మ వైపు తిరిగి నవ్వినాడు. "ఇంక డాక్టరు చెప్పిన కోడి వయసు గూడా నిజమేనంటాడు సూడు. పోమ్మా, పోయి పట్టుకో. నువ్వూ అల్లుడా, ఆ ఆరు తూటాలు ఎనక్కి తెప్పించు. నా గొట్టంలో నేను సూసుకుంటా."

నేను చెప్పిన ఏ నిజమూ ఇక ఆయన చెవికెక్కదని అర్థమైంది. తుపాకీ పనికిరాదని రాస్తే ఆయన కన్ను దక్కుతుంది. కానీ అది మరో కట్టుకథ అవుతుంది. తుపాకీ సక్రమంగా ఉందని, తూటా దాచాడని, హెచ్చరిక పాటించే ఉద్దేశం లేదని, నేను చెప్పిన తప్పుడు మాటే అందుకు కారణమని, ఉన్నదున్నట్టు రాశాను. ఆయన లైసెన్స్ రద్దయింది. నాకు మెమో వచ్చింది. ఆ ఏడాది కంది ఏ పందుల పాలైందో నేను అడగలేదు.

విరమణ తీసుకునే వరకు కొత్తగా వచ్చిన ఆర్మరర్లకు పేలని తూటా గురించి నేనే పాఠం చెప్పేవాణ్ణి. నియమం ఒక నిమిషం అంటే నిమిషమే చెప్పాలి. వినకపోతే మళ్లీ నిమిషమే చెప్పాలి.